రెండు వారాల చుట్టం

నా లెక్కలో చుట్టాలు మూడు రకాలు. చెప్పి వచ్చేవాళ్ళు, చెప్పకుండా వచ్చేవాళ్ళు, వచ్చి వెళ్ళనివాళ్ళు. ఈ మూడింటిలోనూ చేరని నాలుగో రకం చుట్టం ఒకటుంది. అది తనంత తాను రాదు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. ఎన్నాళ్ళుంటుందో దానికీ తెలియదు, మనకూ తెలియదు. ఉన్నన్నాళ్ళూ ఇల్లు పీకి పందిరి వేస్తుంది. తీరా ఇంటిల్లిపాదికీ మాలిమి అయ్యాక మనమే దగ్గరుండి మరొకరింటికి సాగనంపాలి. ఇంతకీ నేను చెప్పవచ్చేది కుక్క సంగతి.

వీధిలో దెబ్బ తిన్న కుక్కలనూ, తల్లి పోయిన కుక్కపిల్లలనూ చేరదీసి, వైద్యం చేయించి, వాటికి శాశ్వతంగా ఒక ఇల్లు చూసిపెట్టే పుణ్యాత్ములు ఇప్పుడు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉన్నారు. ఇల్లు కుదిరేదాకా ఆ జీవాన్ని ఎక్కడో ఒకచోట ఉంచాలి గదా! వాళ్ళ షెడ్లు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటాయి. పైగా షెడ్డులో ఉన్న కుక్కకు సంసారపు మర్యాదలు ఎక్కడినుంచి వస్తాయి? కుక్కరు కూస్తే మంచం కిందికి దూరుతుంది. చీపురు చూస్తే పారిపోతుంది. అందుకని రెండు వారాలో, రెండు నెలలో తమ ఇంట ఉంచుకొని కాస్త మన్నన నేర్పే గృహస్థుల కోసం వెతుకుతారు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఫాస్టరింగ్ అంటారు. తెలుగులో దీనికి మాట లేదని మొన్న మా స్టాఫ్ రూములో ఒక మిత్రురాలు తేల్చేసింది. ఎందుకు లేదూ? 'సాకడం' అన్న చక్కని మాట ఉండనే ఉంది. సాకడానికి కన్నవాళ్ళే కానక్కరలేదు, కడదాకా ఉంచుకోనూ అక్కరలేదు. యశోద చేసింది అదే గదా! రేపల్లెలో సాకింది. అక్రూరుడు రథం తెచ్చిన నాడు మధురకు పంపింది.

ఈ సాకేవాళ్ళ అవసరం చలికాలంలో మరీ ఎక్కువ. చిత్తకార్తె సామెత అందరికీ తెలిసిందే. ఆ కార్తె వచ్చేది అక్టోబరులో. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. లెక్క వేసుకోండి, సరిగ్గా ధనుర్మాసానికి వీధి వీధినా బుల్లి కూతలు మొదలవుతాయి. కాలవ గట్టున, ఆగి ఉన్న కారు కింద, ఇసక గుట్ట మీద ముద్దలు ముద్దలుగా పడుకొని వణుకుతూంటాయి. మా విశాఖపట్నంలో చలి అంటే లంబసింగివాళ్ళు నవ్వుతారనుకోండి. అయినా నెల నిండని పిల్లకు తెల్లవారుజాము మంచు మంచే.

మా ఇంటికి వచ్చింది మాత్రం పసిపిల్ల కాదు, పోయిన ధనుర్మాసంలో పుట్టిన పడుచు కుక్క. స్కూటరు తగిలి వెనక కాలు విరిగితే ఎవరో తీసుకువెళ్ళి అప్పగించారట. కాలు అతికింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ అయింది, రేబిస్ టీకా పడింది. పళ్ళన్నీ వచ్చేశాయని డాక్టరమ్మ చెప్పింది. కుక్కకు పాలపళ్ళు 28, పెద్దయ్యాక 42. ఆ 42 పళ్ళనూ పనిలో పెట్టే చోటు కోసం అది అహర్నిశలూ వెతుకుతుందని మాకు మొదటి సాయంత్రమే తెలిసింది. బెల్లపు రంగు, సగం నిలిచి సగం వాలిన చెవులు, చుట్ట చుట్టుకున్న తోక. గేటు తీయగానే పెరడంతా మూడు చుట్లు చుట్టి, నిలబడ్డచోటే గిర్రున తిరిగింది. మా అబ్బాయి 'బొంగరం' అన్నాడు. ఆ పేరే నిలిచింది.

ఒప్పుకోని మనిషి ఒక్కరే, మా అత్తగారు. ఆవిడకు 76 ఏళ్ళు. మడి, ఆచారం, ఉదయం తొమ్మిదింటిదాకా వంటిల్లు ఆవిడ రాజ్యం. తెలుగు పాఠాలు చెప్పుకొనేదాన్ని గదా, నా విద్య ప్రయోగించాను.

"అత్తయ్యగారూ, నన్నయగారి భారతంలో మొట్టమొదటి కథల్లోనే సరమ అనే దేవలోకపు కుక్క వస్తుంది. దాని పిల్లను, ఏ తప్పూ చేయకపోయినా, జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. ఇక చివర తిక్కనగారి దగ్గరకు వస్తే, ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. అంటే భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగిసిందన్నమాట" అన్నాను.

ఆవిడ వత్తి చేసుకుంటూ తల ఎత్తకుండానే, "స్వర్గం గుమ్మం దాకా తీసుకెళ్ళాడమ్మాయ్! వంటింటి గుమ్మం దాటించలేదు" అన్నారు.

ఆ విధంగా వంటింటి గుమ్మం సరిహద్దుగా సంధి కుదిరింది.

ఇక అసలు సంగతి, సంక్రాంతికి ముందు వచ్చిన ఆ రెండో శనివారం, ఆదివారం. సెలవంటే పనిలేని రోజని ఎవరు పుట్టించారో గాని, వాళ్ళకు సంసారం ఉండి ఉండదు. అత్తగారు శుక్రవారమే అరిసెలకు బియ్యం నానబోశారు. అవి వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి తేవాలి. రజాయిలన్నీ ఎండలో వేయాలి. అమ్మాయికి కాలేజీ రికార్డు, అబ్బాయికి లెక్కల పరీక్ష, నాకు 64 జవాబు పత్రాలు. మావారికి ప్రత్యేకంగా పనేమీ లేదు, మేమందరమూ చెప్పినవన్నీ ఆయన పనే.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి కళ్ళాపి చల్లి, 15 చుక్కల ముగ్గు వేసి, నడుము నిలబెట్టుకొని చూసుకొంటున్నాను. బొంగరం వెనకనుంచి వచ్చి ఆ ముగ్గులో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండుసార్లు పోయింది. పాలకోసం బయటికి వచ్చిన పక్కింటావిడ ఆగి, "ఈ యేడు కొత్తరకం వేశారే! పువ్వులన్నిటికీ నాలుగేసి రేకులు!" అన్నారు.

అది మొదలు. ధనుర్మాసం పట్టినప్పటినుంచి పిల్లలిద్దరూ వీధి చివర పాలవాళ్ళ దగ్గర పేడ తెచ్చి, భోగిపిడకలు చేసి, ఎండబెట్టి, పురికొసకు గుచ్చి, వసారాలో మేకుకు తగిలించారు. ఎనిమిది గంటలకు వసారాలోంచి అబ్బాయి కేక. భోగిమంటలో పడవలసిన దండను మెడలో వేసుకొని బొంగరం హాలంతా ఊరేగుతున్నది! సోఫా కింద నాలుగు పిడకలు, పూజ గది ముందు రెండు, కొన్ని దాని పొట్టలో. అమ్మాయి కోపం పట్టలేక పేపరు చుట్టి చెయ్యెత్తింది. అత్తగారు వత్తుల పళ్ళెం పక్కన పెట్టి, "ఉండవే! కొట్టకు. సరమ ఊరుకోదు" అన్నారు. పిల్లలకు పాఠం చెబితే పరీక్షలో వ్రాస్తారో లేదో గాని, అత్తగారికి చెప్పిన పాఠం వృథా పోలేదు.

ఆ మాటలో హాస్యం ఉన్నా, సత్యం కూడా ఉంది. సరమ అడిగిన ప్రశ్న, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారని. బొంగరం చేసిన తప్పేమిటి? దాని ఈడు కుక్క వీధిలో ఉంటే ఏం చేస్తుంది? తిండి వెతుక్కుంటుంది, వాసన పట్టుకొని పోతుంది, ఎంగిలాకు కోసం పోట్లాడుతుంది, తెలియని మనిషిని ఆరా తీస్తుంది. రోజంతా దానికి ఉద్యోగమే. ఆ ఉద్యోగం మాన్పించి, గిన్నెలో అన్నం పెట్టి, 'ఊరికే కూర్చో' అంటే ఎల్లా కూర్చుంటుంది? పదవీ విరమణ చేసిన మర్నాడు ఇంట్లోని అటకలన్నీ సర్దుతామని బయలుదేరే పెద్దమనుషులను మనం చూడలేదా! చిలిపి అనుకొనేది నిజానికి పనిలేమి.

మావారు దీనికి ఒక శాస్త్రం కనిపెట్టారు. బాగా పరుగెత్తిస్తే అలిసిపోయి పడుకుంటుందట. బీచి రోడ్డు మీద 2 కిలోమీటర్లు పరుగెత్తించి తెచ్చారు. ఆయన అలిసిపోయి పడుకున్నారు. బొంగరం ఎండలో వేసిన రజాయి ఒకటి కిందికి లాగి, దానితో రెండో విడత పరుగు మొదలుపెట్టింది. ఫోను చేస్తే డాక్టరమ్మ నవ్వి అసలు కిటుకు చెప్పింది. "కాళ్ళను రోజూ పరుగెత్తిస్తే కాళ్ళకు ఇంకా బలం వస్తుందండీ. ముక్కుకు పని చెప్పండి, బుర్రకు పని చెప్పండి" అని. కుక్క లోకాన్ని మనలాగా కళ్ళతో కాదు, ముక్కుతో చదువుతుంది. నడక కు తీసుకువెళ్ళినప్పుడు స్తంభం స్తంభం దగ్గరా ఆగితే మనం గొలుసు లాగుతాం. అది మనం పేపరు చదువుతూంటే ఎవరో చేతిలోంచి లాక్కొన్నట్టు. ఆగి, వాసన చూసుకుంటూ నింపాదిగా నడిస్తే దాని ముక్కుకూ బుర్రకూ పని దొరుకుతుంది.

సరే, మధ్యాహ్నం అబ్బాయి పాత తువ్వాలు తీసుకొని, అందులో చపాతీ ముక్కలు అక్కడక్కడా పెట్టి, చాపలాగా చుట్టి ముందు పడేశాడు. బొంగరం పావుగంట సేపు ఆ చుట్ట విప్పుతూ, వాసన చూస్తూ, ఆలోచిస్తూ గడిపింది. ఆఖరు ముక్క తిని, ఆ తువ్వాలు మీదనే తల పెట్టి నిద్రపోయింది. ఆ పావుగంటలో అత్తగారి పాకం ఉండకట్టింది, అరిసెల పిండి కలిసింది, నావి 11 పత్రాలు అయ్యాయి. నిద్ర కూడా దానికి అలవాటు చేయవలసిన విద్యే. కుక్కకు రోజులో సగానికి పైగా నిద్ర కావాలి. నిద్ర చాలని కుక్క, నిద్ర చాలని చంటిపిల్లలాగే, తూలుతూ తూలుతూ ఇంకా గంతులు వేస్తుంది.

సాయంత్రం మరో చిక్కు బయటపడింది. అమ్మాయి దాన్ని 'సిట్' అంటున్నది. అబ్బాయి ఏదో సినిమా చూసి 'బైఠో' అంటున్నాడు. మావారు 'సిట్ డౌన్ ప్లీజ్' అంటున్నారు, ఆయన ఆఫీసు అలవాటు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి 'కూచో' అంటున్నారు. మూడు భాషల్లో నలుగురు చెబుతూంటే అది నలుగురి మొహాలూ చూసి, ఏ భాషలోనూ కూర్చోవడం లేదు. రాత్రి భోజనాల దగ్గర సభ చేశాం. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి, ఆ మాట విన్న వెంటనే అది చేస్తే చిన్న ముక్క పెట్టాలి, అయిదు నిమిషాలకు మించి పాఠం చెప్పకూడదు. ఏ మాట అన్న ప్రశ్న వచ్చింది. రోజంతా ఇంట్లో ఉండేది అత్తగారు కాబట్టి ఆవిడ మాటే ఖాయమైంది, 'కూచో'. మా బొంగరం తెలుగు మీడియంలో చేరిందని నేను రహస్యంగా ఎంత పొంగిపోయానో మీకు చెప్పనక్కరలేదు. రాత్రికి రాత్రే అది నా బల్ల మీది 'శబ్దరత్నాకరం' అట్ట మూల కొరికి, భాషమీద తన శ్రద్ధ కూడా వెల్లడించుకొంది.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు వీధిలో చిడతల చప్పుడు. హరిదాసు! పట్నాల్లో ఇప్పుడు హరిదాసు రావడమే అపురూపం. ఆ ఎర్రని తలపాగా మీద అక్షయపాత్ర. ఇంటికి చేరేదాకా దాన్ని దించకూడదు. గేటు తెరిచే ఉంది. అబ్బాయి చేతిలోంచి గొలుసు జారింది. బొంగరం బాణంలాగా వెళ్ళి ఆయన ఎదుట ముందు కాళ్ళు ఎత్తింది. ఆయన కదలలేడు, పరుగెత్తలేడు, తల వంచలేడు. కంఠంలో పాట ఆగింది. మా అందరికీ గుండె ఆగింది.

"కూచో!"

దోసిట్లో బియ్యంతో వసారాలోకి వచ్చిన అత్తగారి గొంతు అది. బొంగరం ముందు కాళ్ళు దించింది. వెనక్కు చూసింది. కూర్చుంది! తోకతో నేల ఊడుస్తూ, చిడతల వైపు చెవి ఒకటి నిలబెట్టి, హరిదాసు పాట పూర్తయ్యేదాకా కూర్చుంది. అత్తగారు బియ్యం పోసి, లోపలికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక ఇడ్లీ తుంచి దాని ముందు పెట్టారు. "అన్న మాట విన్నందుకు" అన్నారు. వంటింటి గుమ్మానికి అవతలనుంచి కాదు, ఇవతలికి వచ్చి.

ఆ సాయంత్రం బొంగరాన్ని చూడడానికి ఒక దంపతులు వచ్చారు. మంచివాళ్ళే. అరిసె తిన్నారు, బాగుందన్నారు. బొంగరం 'కూచో' అంటే కూర్చుంది, చెయ్యి ఇమ్మంటే ఇచ్చింది. ఆయన కాస్త సందేహిస్తూ, "ఇది ఏ జాతండీ?" అన్నారు.

"మన జాతే" అన్నారు మా అత్తగారు.

వాళ్ళు నవ్వారు గాని, మొహాలు తెలుస్తాయి గదా. ఆవిడకు బొచ్చుకుక్క కావాలి. ఆయనకు వీధి కుక్కంటే నలుగురూ ఏమనుకుంటారో అని. పైగా ఆడది. చెప్పి పంపుతామని వెళ్ళిపోయారు. గేటు దాకా వెళ్ళి వచ్చిన బొంగరం అందరి చేతులూ వాసన చూసి, మళ్ళీ తన గోనెపట్టా మీద పడుకుంది. దానికేం తెలుసు! తెలిసిన మా అబ్బాయి మాత్రం మేడ మీదికి వెళ్ళి చాలాసేపు దిగలేదు.

రాత్రి పిల్లలిద్దరూ ఒక్కటయ్యారు. "ఎవరికీ వద్దయితే మనమే ఉంచేసుకుందాం. మనకు అలవాటయింది గదా" అన్నారు. మావారు నా వైపు చూశారు. నాకు ఇదమిత్థంగా చెప్పాలని లేదు. మేం పొద్దున్నే పోతే సాయంత్రానికి గాని రాము. ఇంత ఉత్సాహం గల జీవిని 76 ఏళ్ళ మనిషి మీద ఏళ్ళ తరబడి వదలడం న్యాయం కాదు. అదిగాక, మా గుమ్మం ఒక కుక్కకే నిండిపోతే తరువాతి దానికి తలుపు మూసుకున్నట్టే. ఇవన్నీ తెలిసిన సంగతులే. కాని నేలమీద కూర్చున్న కుక్క మన కాలి మీద గడ్డం ఆనించినప్పుడు ఈ న్యాయసూత్రాలు నోట పలకవు.

పలికింది అత్తగారు. "మా మరిది కొడుకును మూడేళ్ళు నేను సాకానురా" అన్నారు మనవడితో. "వాళ్ళమ్మకు జబ్బు. వాడికి మూడేళ్ళప్పుడు తెచ్చాను. ఆరేళ్ళు నిండాక, ఆవిడ కోలుకుంది, పంపేశాను. ఆ నెల నాకు అన్నం సయించలేదు. వాడిప్పుడు ఏడాదికోసారి వస్తాడు, చూస్తున్నావుగా. వచ్చినప్పుడల్లా నాకు రెండిళ్ళు పెద్దమ్మా అంటాడు. నేను పంపకపోతే వాడికి ఒక్క ఇల్లే ఉండేది." ఇంకెవరూ మాట్లాడలేదు.

నాకు ఆ రాత్రి లైకా గుర్తుకు వచ్చింది. 1957 నవంబరు 3న సోవియట్ రష్యావాళ్ళు స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపిన కుక్క. అదీ మాస్కో వీధుల్లో దొరికినదే. చలికీ ఆకలికీ ఓర్చినవని వీధి కుక్కలనే ఏరుకున్నారు. ప్రయాణానికి ముందు ఒక శాస్త్రజ్ఞుడు దాన్ని తన ఇంటికి తీసుకువెళ్ళి, తన పిల్లలతో కాసేపు ఆడుకోనిచ్చాడట. అది తిరిగి రాదని ఆయనకు తెలుసు. కొన్ని గంటల్లోనే వేడికి తాళలేక చనిపోయిందన్న నిజం 2002లో గాని లోకానికి తెలియలేదు. అదీ ఒక సాకుడే. కాని ఆ ఇంటి గుమ్మం అవతల దానికి మరో గుమ్మం లేదు. మనం పంపేది ఇంటినుంచి ఇంటికి. అది ఎంత భాగ్యమో లైకాను తలుచుకుంటే తెలుస్తుంది.

బొంగరానికి గుమ్మం దొరికింది లెండి. మరో పది రోజులకు అనకాపల్లినుంచి ఒక ఉపాధ్యాయ దంపతులు వచ్చారు. చుట్టూ ప్రహరీ, పెరట్లో కొబ్బరి చెట్లు, ఇంట్లో పదేళ్ళ పాప. జాతి అడగలేదు. ఏం తింటుందని అడిగారు, ఎప్పుడు నిద్రపోతుందని అడిగారు. అబ్బాయి టీకా కాగితంతోపాటు తన దస్తూరీతో ఒక చీటీ కూడా ఇచ్చాడు: తువ్వాలు ఆట, నడక వేళలు, చీపురంటే భయం, అన్నీ వ్రాసి, చివర 'దీనికి తెలుగు మాత్రమే వచ్చు' అని కింద గీత గీశాడు. మా అరిసెల బెల్లం ఏ ఊరినుంచి వచ్చిందో ఆ బెల్లపు రంగు పిల్ల ఆ ఊరికే వెళ్ళింది.

ఇది చదివి మీలో ఎవరికైనా సాకుదామన్న బుద్ధి పుడితే, నాలుగు మాటలు. మొదటి మూడు రోజులు చుట్టపక్కాలను పిలిచి చూపించకండి. దానికొక మూల, ఒక గోనెపట్టా, పాత దుప్పటి ఇచ్చి, దాని మానాన దాన్ని కుదుటపడనివ్వండి. తిండి, నడక, నిద్ర వేళ ప్రకారం జరగాలి. మన పులుసులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం వంటివి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా అంతే. ఉడికించిన ఎముకలు పెట్టకండి, చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. అది తింటూన్నప్పుడూ, నిద్రపోతూన్నప్పుడూ చిన్నపిల్లలను దగ్గరకు పోనివ్వకండి. టీకా కాగితం చూడనిదే ఇంటికి తేకండి.

కుక్క కాటు భయం ఉత్త భయం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. అందుకని ఏ కుక్కయినా సరే, పంటి గాటు పడినా, గోరు గీరుకొని రక్తం వచ్చినా, 15 నిమిషాల సేపు సబ్బుతో ధారగా నీళ్ళ కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపూ కారమూ అద్దితే పోదు. కుక్కలకు టీకా వేయించేదీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించేదీ ఈ భయం తగ్గడానికే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల సారం కూడా అదే. 2025 ఆగస్టు 22న ఢిల్లీ వీధి కుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు, ఇష్టమున్నవాళ్ళు వీధి కుక్కలను దత్తత తీసుకోవచ్చుననీ, అవి మళ్ళీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్ళదేననీ చెప్పింది. ఆ రెండో మాటను నేను చట్టంగా కన్నా ధర్మంగా చదువుకుంటాను. వీధినుంచి ఇంటికి తేవడం ఒక పూట ఉత్సాహం. మళ్ళీ వీధికి పోకుండా చూడడం అసలు పని. మధ్యనున్న ఆ రెండు మూడు వారాల్లో చీపురంటే భయం పోగొట్టి, 'కూచో' నేర్పి పంపితే, అది రెండో ఇంట్లో నిలుస్తుంది. అది నేర్పేవాళ్ళు లేకనే, ముచ్చటపడి తెచ్చుకున్న ఎన్నో కుక్కలు ఆరు నెలలకే గేటు బయట తేలుతున్నాయి.

అనకాపల్లినుంచి నిన్న ఫోను వచ్చింది. బొంగరం వాళ్ళ పాప లెక్కల పుస్తకం కొరికిందట. పాప చాలా సంతోషించిందట. మా ఇంటికి వచ్చే శనివారం రెండు నెలల కూనలు రెండు వస్తున్నాయి. పేర్లు అత్తగారే ఆలోచిస్తున్నారు. పాలు ఎన్నిసార్లు పట్టాలని నన్ను అడిగితే, కుక్కపిల్లలకు ఆవుపాలు సరిపడవు, డాక్టరమ్మ చెప్పిన మేత పెట్టాలని చెప్పాను. "అయితే ఆ గిన్నెలు వంటింట్లోనే పెట్టు, బయట చీమలు పడతాయి" అన్నారు ఆవిడ.